టెక్ సందేహాలు: పాత సైకిల్ కొనే ముందు ఏం చూడాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లతో పాటు పాత సైకిళ్ల గురించి కూడా ప్రశ్నలున్నాయి. సైకిళ్ల ప్రశ్నలన్నిటినీ ఒకచోట చేర్చాను. సెకండ్ హ్యాండ్‌లో ఏ వస్తువు కొన్నా ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటే: ఏ భాగం మార్చుకోగలం, ఏది మార్చలేం? సైకిల్‌కి టైర్లు, చైన్, బ్రేకులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫ్రేమ్ పాడైతే మాత్రం సైకిలే పోయినట్టు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక పాత రేసింగ్ సైకిల్ అమ్మకానికి ఉంది. 1970ల నాటిదని, ‘అరుదైన వింటేజ్’ అని రాశారు. రెండే ఫొటోలు పెట్టారు. సైకిల్ బాగుందో లేదో, అడిగే ధర న్యాయమో కాదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ‘అరుదైన’, ‘వింటేజ్’ అన్న మాటల్ని పక్కన పెట్టేయండి. పాతదైనంత మాత్రాన విలువ రాదు. ఆ రోజుల్లో కూడా చవక సైకిళ్లు కుప్పలుతెప్పలుగా తయారయ్యాయి. అవి ఇప్పటికీ చవక సైకిళ్లే, కాకపోతే పాతబడ్డాయి.

ముందు మరికొన్ని ఫొటోలు అడగండి. చైన్ ఉన్న వైపు నుంచి మొత్తం సైకిల్ కనపడేలా ఒకటి, హ్యాండిల్ కింద ఫ్రేమ్ గొట్టాలు కలిసే చోట దగ్గరగా ఒకటి, వెనక చక్రం ఇరుసు బిగించే చోట ఒకటి, సైకిల్‌ని తిరగేసి పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఒకటి. సీరియల్ నంబరు ఎక్కువగా అక్కడే ఉంటుంది. కొన్ని కంపెనీలు సీటు కింద, కొన్ని వెనక ఇరుసు దగ్గర కొట్టేవి. నంబరు గీకేసినట్టు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. అది దొంగ సైకిల్ కావచ్చు.

ఏ కాలం నాటిదో తేల్చడానికి అమ్మేవారి మాట అక్కర్లేదు, భాగాలే చెబుతాయి. గేర్లు, బ్రేకులు చేసే షిమానో కంపెనీ పాత భాగాల వెనక రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఉంటాయి. మొదటి అక్షరం సంవత్సరం: ఎ అంటే 1976, బి అంటే 1977, అలా వరసగా. రెండోది నెల: ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. కాబట్టి ‘సి ఎఫ్’ అని ఉంటే 1978 జూన్. వరస అయిపోయాక 2002లో మళ్లీ ఎ నుంచి మొదలైంది కాబట్టి భాగం వాలకం కూడా చూసుకోవాలి. స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్ (చక్రం మధ్య భాగం) అయితే, దాని మీదే సంవత్సరం చివరి రెండు అంకెలు ఉంటాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. భాగం వయసు సైకిల్ వయసు కాకపోవచ్చు, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. హబ్, గేరు, బ్రేకు ఇలా మూడు నాలుగు భాగాలు ఒకే ఏడాదికి అటూఇటూగా తేలితే అవన్నీ మొదటి నుంచీ ఆ సైకిల్‌వే అని నమ్మొచ్చు. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ఆ పొందికకే. ఒకటి 1974, ఇంకొకటి 1986 అని వస్తే అది నాలుగు సైకిళ్ల భాగాలు కలిపి కట్టిన బండి. తొక్కడానికి పనికొస్తుంది, ‘అరుదైన’ ధర ఇవ్వడానికి పనికిరాదు.

ఫ్రేమ్ నాణ్యతకు చాలామంది చూసేది స్టిక్కర్. ‘రేనాల్డ్స్ 531’ అని ఉంటే మంచి గుర్తే. 1935లో వచ్చిన ఈ మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు గొట్టాలతో దశాబ్దాల పాటు మేలురకం సైకిళ్లు తయారయ్యాయి. ఇటలీ సైకిళ్లకు ‘కొలంబస్’ స్టిక్కర్ అలాంటిదే. కానీ కొత్త స్టిక్కర్ తెచ్చి అంటించడం ఎవరికైనా సాధ్యమే. అందుకే సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ) బయటికి తీయించి దాని మీద కొట్టి ఉన్న కొలత చదవండి. సాధారణంగా 531 బటెడ్ (చివర్లలో మందంగా, మధ్యలో పలచగా ఉండే) గొట్టాలకు, కొలంబస్ ఎస్‌ఎల్‌కు 27.2 మిల్లీమీటర్ల పోస్టు పడుతుంది. గొట్టం గోడ మందం తక్కువ కాబట్టి లోపలి రంధ్రం పెద్దదన్నమాట. 26 మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో ఉంటే అది బరువైన మామూలు గొట్టం అయ్యుండే అవకాశం ఎక్కువ. వెనక ఇరుసు కూర్చునే ముక్కలు కూడా చూడండి. రేకు కత్తిరించి అతికించినట్టు పలచగా ఉంటే చవక రకం. మందంగా, పోత పోసినట్టు ఉండి తయారీదారు పేరు చెక్కి ఉంటే మేలురకం.

ఇక నేరుగా చూడటానికి వెళ్లినప్పుడు మొదట చేయాల్సిన పని, హ్యాండిల్ గొట్టానికి (ఫ్రేమ్ ముందు భాగంలో హ్యాండిల్ దిగే గొట్టం) కొంచెం వెనగ్గా కింది గొట్టం అడుగు భాగాన్ని వేలితో నిమరడం. కళ్లకు కనపడని చిన్న ముడత వేలికి తగులుతుంది. రంగు కూడా అక్కడ సన్నగా చిట్లి ఉంటుంది. ముడత తగిలిందంటే ఆ సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దుకుందని అర్థం. పై గొట్టం కిందా అలాగే చూడండి. తర్వాత పక్కకు నిలబడి ముందు ఫోర్కు చూడండి. అది హ్యాండిల్ గొట్టం వాలులోనే కిందికి దిగి, చివర్లో ముందుకు వంగాలి. వెనక్కి నెట్టినట్టు ఉంటే అనుమానించాల్సిందే. ఈ రెండింట్లో ఏది కనిపించినా, రంగు ఎంత మెరుస్తున్నా నేనైతే కొనను.

ఫ్రేమ్ పక్కకు వంగిందేమో చూడటానికి ఒక దారం చాలు. వెనక ఇరుసు దగ్గర ఒక వైపు కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండో వైపుకు బిగించి లాగండి. సీటు గొట్టానికి రెండు వైపులా దారం ఒకే దూరంలో ఉండాలి. స్కేలుతో కొలవండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఫర్వాలేదు.

ఎక్కువ మంది మరిచిపోయే పరీక్ష ఇంకొకటుంది: సీటు పోస్టు, హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే కడ్డీ) కదులుతున్నాయా? అల్యూమినియం పోస్టు ఉక్కు ఫ్రేమ్‌లో ఏళ్ల తరబడి తడితో ఉండిపోతే రెండు లోహాలూ తినేసుకుని అతుక్కుపోతాయి. తీయడానికి కొన్నిసార్లు పోస్టునే కోసేయాలి, ఆ పనిలో ఫ్రేమ్ దెబ్బతినొచ్చు. కాబట్టి డబ్బులిచ్చే ముందే మీ కళ్లెదుట బోల్టు వదులు చేయించి, సీటు పైకీ కిందికీ జరపమనండి. ‘కొంచెం ఆయిల్ వేస్తే వచ్చేస్తుందండీ’ అంటే, వచ్చాకే కొంటానని చెప్పండి.

మిగిలినవి త్వరగా చూసేయొచ్చు. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే అక్కడి బేరింగ్ కప్పులు పోయినట్టే. చక్రాల బెండు, బాల్స్, గ్రీజు అన్నీ బాగు చేయించుకోగలిగినవే. చైన్‌లో 24 లింకులు కొత్తప్పుడు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోయి ఉంటాయి.

ధర విషయంలో, జనం అడుగుతున్న ధరలు చూసి అంచనా వేయొద్దు. ఈబే లాంటి సైట్లలో అమ్ముడైపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అదే మోడల్‌కి నిజంగా ఎంత పలికిందో అక్కడ తెలుస్తుంది. అందులోంచి టైర్లు, ట్యూబులు, కేబుళ్లు, బ్రేకు బ్లాకులు, చైన్, ఓవర్‌హాలింగ్ ఖర్చు తీసేయండి. మిగిలిందే మీరు ఇవ్వాల్సిన ధర. సైకిల్ మీ ఎత్తుకు సరిపోకపోతే ఈ లెక్కలేవీ వద్దు, వదిలేయండి.

ప్రశ్న: ఫొటో పెడితే ఒక ఏఐ చాట్‌బాట్ ‘ఇది ర్యాలీ కంపెనీ సైకిల్, 1962 మోడల్, చాలా విలువైనది’ అని చెప్పింది. నమ్మొచ్చా?

జవాబు: కంపెనీ పేరు వరకు చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. ర్యాలీ చైన్ వీల్‌లో కొంగ తలలు చెక్కి ఉంటాయి, అలాంటి గుర్తులు ఫొటోలో తేలిగ్గా దొరుకుతాయి. కానీ చైన్ వీల్ విప్పి ఇంకో సైకిల్‌కి తగిలించొచ్చు కదా! సంవత్సరం, విలువ మాత్రం అది ఊహించి చెప్పేవే. ఏ ఆధారంతో 1962 అన్నావని అడిగి చూడండి, నంబరో, హబ్ మీది అంకెలో చూపించలేకపోతే వదిలేయండి. గొట్టం లోపలి తుప్పు, అతుక్కుపోయిన పోస్టు ఏ ఫొటోలోనూ కనపడవు.

ఫోన్ నిజంగా ఉపయోగపడేది అరిగిన అంకెలు చదవడానికి. చీకట్లో ఇంకొకరి ఫోన్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టుకోమని, మీరు దగ్గర నుంచి ఫొటో తీయండి. రంగు కింద పూడిపోయిన అంకెల అంచులకు నీడ పడి స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న: మా తాతగారి రాడ్ బ్రేకుల సైకిల్ ఇంట్లో ఉంది. అమ్మే ముందు కొత్త రంగు వేయిస్తే మంచి ధర వస్తుందా?

జవాబు: దయచేసి వేయించకండి. గీతలు పడ్డా, వెలిసినా అసలు రంగే కావాలంటారు తెలిసిన కొనుగోలుదారులు. ఒకసారి గీకేశాక కంపెనీ వేసిన బంగారు గీతలు, అక్షరాలు మళ్లీ రావు. పైగా కొత్త రంగు చూస్తే, కింద ఏ అతుకు దాచారో అన్న అనుమానం కూడా వస్తుంది. అలాంటి అనుమానం ఉన్నప్పుడు అయస్కాంతం పెట్టి చూస్తారు, పుట్టీ పెట్టిన చోట అది సరిగా అంటుకోదు.

సబ్బు నీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి తుడవండి. క్రోమ్ మీది పైపై తుప్పుకు అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో తడిపి రుద్దితే చాలు. అక్షరాలున్న చోట పెట్రోల్, థిన్నర్ తగలనివ్వకండి. తోలు సీటును నీళ్లలో నానబెట్టొద్దు. బెల్లు, పంపు, డైనమో, పాత రసీదు ఏది ఉన్నా సైకిల్‌తోనే ఇవ్వండి. రిమ్ములు కూడా మార్చొద్దు. రాడ్ బ్రేకుల బ్లాకులు రిమ్ము లోపలి వైపు నొక్కుతాయి కాబట్టి మామూలు రిమ్ము వేస్తే అవి సరిగా పట్టవు.

ప్రశ్న: పాత సైకిల్‌కి 27 అంగుళాల చక్రాలున్నాయి. 700సి టైరు కూడా దాదాపు అంతే కదా, పడుతుందా?

జవాబు: పడదు. టైరు అంచు కూర్చునే చోట 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, 700సి రిమ్ముది 622. చిన్న టైరు పెద్ద రిమ్ము మీదికి ఎక్కదు. పెద్ద టైరును చిన్న రిమ్ముకు వేస్తే గాలి కొట్టగానే ఊడొస్తుంది. చక్రాలే 700సికి మార్చేట్టయితే బ్రేకు బ్లాకులు 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతాయో లేదో ముందు చూసుకోండి. టైరు పక్కన 32-630 అన్నట్టుగా రెండు సంఖ్యలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది ఈ వ్యాసం. కొనేటప్పుడు రెండోది మీ రిమ్ముతో సరిగ్గా కలవాలి.