కాలేజీ బిల్డింగ్ చూడ్డానికి వెళ్తూ జేబులో ఒక స్కేలు పెట్టుకోండి

మీ ప్రశ్న: "పాపను విజయవాడలో ఇంటర్‌లో చేర్పించాలనుకుంటున్నాం. స్కూళ్ల, కాలేజీల బిల్డింగులకు రూల్స్ ఏమైనా ఉంటాయా? చూడ్డానికి వెళ్లినప్పుడు ఏమేం గమనించాలి?"

రూల్స్‌కేం కొదవండీ. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఉంది, మన రాష్ట్రానికి 2017 బిల్డింగ్ రూల్స్ ఉన్నాయి, సీబీఎస్ఈ వాళ్లవి వేరే ఉన్నాయి. అవన్నీ మీరు చదవక్కర్లేదు. ముందు మెట్లు చూడండి. మెట్లు సరిగ్గా కట్టించినవాడు మిగతావి కూడా సరిగ్గానే కట్టించి ఉంటాడు, ఇందులో నాకు అనుమానమే లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక స్కూలు మెట్లు పాడుచేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

2007లో గుంటూరులో సైట్ ఇంజినీరుగా చేస్తున్నాను. సర్వీసు రెండేళ్లు, జీతం ఆరు వేలు. గ్రౌండ్ ప్లస్ మూడు అంతస్తుల స్కూలు. ప్లానులో మెట్ల వెడల్పు ఐదడుగులు, అంటే కోడ్ అడిగే మీటరున్నర. గ్రౌండ్ ఫ్లోర్ మెట్లకు సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) మొదలుపెట్టే రోజు సాయంత్రం ఓనరు గారు వచ్చారు. మార్కింగ్ చూసి, "ఏమయ్యా, ఈ మెట్ల గది ఇంత ఉందేంటి? ఇందులోంచి పెళ్లి ఊరేగింపు దించుతామా?" అన్నారు. పక్కనే ఫీజు కౌంటరుకి గది కావాలట. నేను కోడ్ అని ఏదో నసిగాను. ఆయన నా వంక కూడా చూడలేదు.

మా మేస్త్రి మాత్రం ఊరుకోలేదు. "అయ్యా, ఇంటికైతే సరిపోద్ది. బడికి చాలదు. గంట కొడితే పిల్లకాయలు నీళ్లొదిలిన కాలవలాగా వస్తారు" అన్నాడు. ఆయన నవ్వేసి కారెక్కారు. మర్నాడు పొద్దున నేనే సున్నంతో కొత్త గీత గీశాను. మూడున్నర అడుగులు. పొడవులో కూడా కొంత పోయింది కాబట్టి మెట్టు వెడల్పు పది అంగుళాలకు తగ్గింది, ఎత్తు ఏడు అంగుళాలకు పెరిగింది. అప్రూవ్ అయిన ప్లానులో మాత్రం ఐదడుగులు అలాగే ఉన్నాయి.

స్కూలు తెరిచాక మా కాంట్రాక్టరుకి చివరి బిల్లు రావాల్సి ఉంటే, అడిగి రమ్మని నన్ను పంపారు. ఆఫీసు రెండో అంతస్తులో. మాట్లాడి దిగుతున్నాను, మొదటి ల్యాండింగ్ దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర గంట కొట్టారు. పైనుంచి మూడు అంతస్తుల పిల్లలు ఒక్కసారే. నేను గోడకు ఆనుకున్నాను, అంతే, కదలడానికి లేదు. వీపుకు బ్యాగున్న పిల్లవాడు ఒక్కడు నడిచినా ఇద్దరి చోటు కావాలని నాకు ఆ రోజే తెలిసింది. నా మోకాలి పక్కన ఒక చిన్నది, ఒకటో తరగతి ఉంటుందేమో, దాని వాటర్ బాటిల్ తాడు రైలింగ్ ఊచకి చిక్కుకుంది. తాడు వెనక్కి లాగుతోంది, పైనుంచి వచ్చేవాళ్లు ముందుకు నెడుతున్నారు. ఏడవడం లేదు, నోరు తెరుచుకుని నా వంక చూస్తోంది. నా చెయ్యి తాడు దాకా వెళ్లడం లేదు. చివరికి తాడే తెగింది. బాటిల్ మెట్ల మీదుగా దొర్లుకుంటూ వెళ్తుంటే, ఎవడో దాని మీద కాలు వేసి పడ్డాడు. వాడి మీద ఇంకో నలుగురు.

ఒక పన్ను విరిగింది, రెండు మోకాళ్లు చీరుకుపోయాయి. అంతకు మించి ఏం కాలేదు. కింద చూస్తే, కొలాప్సిబుల్ గేటు సగమే తీసి ఉంది. ఏ పిల్లవాడు ఏ ఆటోలో వెళ్తున్నాడో చూసుకోవడానికి వాచ్‌మన్ ఒక్కొక్కళ్లనే వదులుతున్నాడు. అతనిదీ తప్పు కాదు, అతనికి చెప్పిన పని అది. మెట్లు ఖాళీ అయ్యేసరికి పద్నాలుగు నిమిషాలు పట్టింది, వాచీ చూసుకున్నాను. నిప్పు లేదు, పొగ లేదు, కరెంటు కూడా పోలేదు.

అప్పటికి తమిళనాడులోని కుంభకోణం అనే ఊళ్లో స్కూలు అగ్నిప్రమాదం జరిగి మూడేళ్లే. 2004 జులై 16న వంటశాలలో పుట్టిన మంట పూరి కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. మేం ఫైనలియర్‌లో ఉన్నప్పుడు క్లాసులో దాని గురించి మాట్లాడుకున్నాం కూడా. ఆ ఘటన తర్వాత వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్‌లో, దేశంలోని స్కూళ్లన్నీ బిల్డింగ్ కోడ్‌లోని భద్రతా నియమాలు పాటించాలని చెప్పింది. అంత చదువుకుని నేను గీసింది మూడున్నర అడుగుల గీత.

సరే, మీ సంగతికి వద్దాం. పాప జామెట్రీ బాక్సులో 15 సెంటీమీటర్ల స్కేలు ఉంటుంది కదా, అది జేబులో వేసుకెళ్లండి. మెట్టు ఎత్తు ఒక స్కేలు దాటకూడదు. కాలు పెట్టే చోటు రెండు స్కేళ్లకు తగ్గకూడదు. మెట్ల వెడల్పు పది స్కేళ్లుండాలి. పీఆర్ఓ మీ వంక అదోలా చూస్తాడు, చూడనివ్వండి. తర్వాత రెండో మెట్లదారి ఎక్కడుందో అడగండి. "ఉంది సార్" అంటారు. నిజంగానే ఉంటుంది, తాళం వేసి. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. నేను మా అమ్మాయి కోసం తిరిగిన ఒక చోట ఆ మెట్ల మీద పాత ఆన్సర్ పేపర్ల కట్టలు, విరిగిన మంచాలు ఉన్నాయి. స్కేలు తీసినప్పుడే మా అమ్మాయి దూరంగా వెళ్లి నిలబడింది, తాళంచెవి అడిగేసరికి రోడ్డు మీదకే వెళ్లిపోయింది.

క్లాసులో 45 మంది దాటితే రెండు తలుపులుండాలి, అవి బయటికి తెరుచుకోవాలి. ఎన్ని చోట్ల చూశారు మీరు? మన రాష్ట్రంలో స్కూలు బిల్డింగ్ ఆరు మీటర్ల ఎత్తు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు ఉన్నా ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, కావాలి. ఆ కాగితం చూపించమనండి. చూపిస్తే, డాబా మీదకు ఎక్కి రేకుల షెడ్డులో మెస్ గానీ నడుపుతున్నారేమో చూడండి. ఎండకి తట్టుకోలేక రేకుల కింద థర్మోకోల్ సీలింగ్ వేస్తారు, దాని కిందే పొయ్యిలు.

ఇంకోటి, ఆ ర్యాంకుల ఫ్లెక్సీలు. బెంజి సర్కిల్ నుంచి కానూరు దాకా ఒకసారి తల పైకెత్తి చూస్తూ వెళ్లండి. బిల్డింగ్ ముందు వైపు కిటికీలన్నీ మూసేస్తూ నాలుగంతస్తుల ఎత్తున టాపర్ల ముఖాలు. లోపల మిట్టమధ్యాహ్నం ట్యూబ్‌లైట్ల కింద మన పిల్లలు. ఈ ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో నేను మీకు చెప్పాలా? ఏసీ క్యాంపస్ అంటారు, ఏసీ ఆగిన రోజు తెరవడానికి కిటికీ ఉండదు. పొగ కమ్మినా అంతే.

బాత్రూముల లెక్క అడగడం మర్చిపోవద్దు. కోడ్ ప్రకారం 25 మంది అమ్మాయిలకు ఒకటి. మా అమ్మాయి మొదట చదివిన చోట 90 మందికి ఒకటి ఉండేది. సాయంత్రం వాటర్ బాటిల్ నిండుగా ఇంటికి వచ్చేది. పాప నీళ్లు తాగడం లేదని మా ఆవిడ రోజూ తిట్టేది, అసలు కారణం మాకు ఆరు నెలలకు గానీ తెలియలేదు.

సెల్లారు సంగతి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగాక కూడా సెల్లారులో కరెంటు ప్యానెళ్లు, లైబ్రరీలు పెట్టే వాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

చివరగా, అడ్మిషన్ కౌన్సెలర్ రమ్మన్న టైముకు వెళ్లకండి. సాయంత్రం కాలేజీ వదిలే వేళకు వెళ్లి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడండి. గంట కొట్టినప్పుడు వాచీ చూసుకోండి. గేటు ఎంత మేర తీశారో చూడండి. టీ చల్లారేలోపు బిల్డింగ్ ఖాళీ అయితే వెళ్లి ఫీజు మాట్లాడుకోండి.

ఆ గుంటూరు బిల్లు అడిగారా? 38 వేలు. ఫీజు కౌంటరు ఖర్చు ప్లానులో లేదు కాబట్టి ఇవ్వం అన్నారు.