కప్పల మీద పరిశోధన చేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మా అమ్మాయి బైపీసీ సెకండ్ ఇయర్ చదువుతోంది, నీట్ కోచింగ్ కూడా నడుస్తోంది. ఈమధ్య డాక్టర్ చదవనని, కప్పల్లో కొత్త జాతులు ఎలా పుడతాయో పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. చుట్టాలు నవ్వుతున్నారు, వాళ్ల నాన్న మాట్లాడటం మానేశారు. ఇదసలు చదువేనా? ఉద్యోగం వస్తుందా? సీటు రాకపోతే లాంగ్ టర్మ్‌లో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: చదువేనమ్మా. ఉద్యోగమూ ఉంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది, తక్కువమందికి వస్తుంది. ఆ లెక్కలు తర్వాత చెప్తాను. ముందు మీ అమ్మాయి దేని గురించి మాట్లాడుతోందో మీకూ వాళ్ల నాన్నగారికీ తెలియాలి.

ఆస్ట్రేలియాలో ఈశాన్యాన, క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో పచ్చకళ్ల చెట్టుకప్ప ఒకటి ఉంది. పూర్వం వాతావరణం పొడిబారినప్పుడు అడవి కుంచించుకుపోయి ముక్కలైంది. కొన్ని కప్పలు ఉత్తరాన, కొన్ని దక్షిణాన చిక్కుకుపోయి, పది ఇరవై లక్షల ఏళ్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా బతికాయి. మళ్లీ వానలు పెరిగి అడవి పాకాక, సుమారు 8,000 ఏళ్ల క్రితం రెండు వర్గాలూ ఎదురుపడ్డాయి. అప్పటికే లోపల తేడా వచ్చేసింది. దక్షిణపు ఆడకప్ప ఉత్తరపు మగకప్పతో జతకడితే పిల్లలు బతకవు. ఉత్తరపు ఆడకప్ప దక్షిణపు మగదానితో కలిస్తే పిల్లలు బతుకుతాయి గానీ ఎదుగుదల నెమ్మది. కాబట్టి జత తప్పితే ఎక్కువ నష్టపోయేది దక్షిణపు ఆడకప్పే. మరి చీకట్లో తన వాడెవరో ఎలా తెలుస్తుంది? గొంతుని బట్టి. రైతుబజార్లో అందరూ ఒకేసారి అరుస్తున్నా మన ఖాతా కూరగాయలాయన కేక మనకు తెలిసిపోదూ, అలాగ.

అసలు విచిత్రం ఇకముందే ఉంది. దక్షిణపు కప్పల చిన్న గుంపు ఒకటి తన వర్గానికి దూరమై, ఉత్తరపు కప్పల పక్కన ఒంటరిగా మిగిలిపోయింది. అక్కడ పొరపాటు చేసిన ఆడకప్పకు సంతానం మిగలదు, సరిగ్గా ఎంచుకున్నదానికే మిగులుతుంది. తరాలు గడిచేకొద్దీ ఆ గుంపులో మగకప్పల పిలుపు మారింది, ఒళ్లు చిన్నదైంది. చివరికి అక్కడి ఆడకప్పలు సొంత దక్షిణపు వర్గం మగవాటిని కూడా కాదనే దాకా వచ్చింది. కాన్రాడ్ హోస్కిన్, మేగన్ హిగ్గీ, క్రెయిగ్ మోరిట్జ్ తదితరులు 2005లో నేచర్ పత్రికలో ఈ పని ప్రచురించారు. 2007లో ఆ గుంపుకి లిటోరియా మయోలా అని విడి జాతిగా పేరు పెట్టారు. రెండు వర్గాలు చీలడానికి లక్షల ఏళ్లు పట్టింది, ఈ చివరి విడిపోవడానికి మాత్రం 8,000 ఏళ్లు సరిపోయాయి. పరిణామంలో అది రెప్పపాటు.

సెకండ్ ఇయర్ జువాలజీలో మీ అమ్మాయి చదివే వివిక్తత (ఐసోలేషన్) పాఠం సరిగ్గా ఇదే. మన కాలేజీల్లో దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టించి వదిలేస్తారు. ఆ పాఠం దగ్గర ఆగి, తర్వాత ఏమవుతుందని అడిగే పిల్లలు నాకు ఎక్కువమంది తగలరు. అందుకే మీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు.

ఇదంతా విదేశాల గొడవేనని కూడా అనుకోకండి. ఇప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎస్.డి. బిజు, బెల్జియం శాస్త్రవేత్త ఫ్రాంకీ బోసైట్ కలిసి 2003లో పశ్చిమ కనుమల నుంచి ఊదారంగు కప్పను లోకానికి పరిచయం చేశారు. దాని దగ్గరి చుట్టాలు ఎక్కడో హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. భారతదేశం, సీషెల్స్ ఒకప్పుడు ఒకే భూభాగంలో ఉండేవనడానికి అదొక ఆనవాలు. బిజు బృందమే 2014లో పశ్చిమ కనుమల నుంచి ఒకేసారి 14 కొత్త నాట్యకప్ప జాతులను ప్రకటించింది. మన తూర్పు కనుమల్లో కప్పల మీద ఇంత పని జరగలేదు. అనంతగిరి, అరకు కొండలు మీకు బస్సు దూరంలోనే ఉన్నాయి.

ఇక నేను భయపడే విషయం చెప్తాను. అది జీతం కాదు, మ్యాథ్స్. కప్ప పిలుపుని రికార్డు చేసి దాని వేగం, స్థాయి కొలవాలి, ఆడకప్పకు రెండు గొంతులు వినిపించి ఎటు వెళ్తుందో లెక్కపెట్టాలి, డీఎన్ఏ పోల్చాలి, వచ్చిన తేడా నిజమో కాదో గణాంకాలతో తేల్చాలి. వానలో టార్చిలైటు పట్టుకుని తిరిగే రాత్రుల కంటే కంప్యూటర్ ముందు కూర్చునే పగళ్లే ఎక్కువ. మ్యాథ్స్ తప్పించుకోవడానికి బైపీసీ తీసుకున్న పిల్ల అయితే ఇక్కడ మళ్లీ దానికే దొరుకుతుంది.

ఆ దెబ్బ మొదటి మెట్టు మీదే తగులుతుంది. ఈ చదువుకి మన వైపు నుంచి మంచి దారి ఐసర్, అంటే సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ. దేశంలో ఏడు ఉన్నాయి. మీకు రెండు దగ్గర, ఒకటి తిరుపతి, ఇంకోటి బరంపురం. బరంపురం ఒడిశా అయినా విశాఖ నుంచి పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ ఒక్కోదాంట్లో 15 ప్రశ్నలు, మొత్తం 240 మార్కులు. మ్యాథ్స్ వదిలేస్తే 60 మార్కులు ముందే పోయినట్టు. అన్నీ రానక్కర్లేదు, ఆరేడు సరిగ్గా పెట్టగలిగినా ర్యాంకు బాగా మారుతుంది. చేరాక మొదట్లో అందరికీ మ్యాథ్స్ తప్పదు. భువనేశ్వర్‌లో ఇలాంటిదే నైసర్ అనే సంస్థ ఉంది, దానికి నెస్ట్ అని వేరే పరీక్ష.

రెండూ రాకపోతే విశాఖలోనే మంచి డిగ్రీ కాలేజీలో జువాలజీ మేజర్ తీసుకుని, మైనర్‌గా స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్స్ గానీ ఇచ్చే చోటు చూసుకోండి. కాలేజీ పేరు కన్నా ఆ మైనరే ముఖ్యమని నా అభిప్రాయం. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేయొచ్చు. లేదా బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం ఎమ్మెస్సీకి పోటీ పడొచ్చు. పీహెచ్‌డీ నాటికి హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోతున్న జాతుల మీద పనిచేసే ప్రయోగశాల), బెంగళూరు ఐఐఎస్సీ లాంటివి ఉన్నాయి.

డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్పై దగ్గరకొస్తుంది. శాస్త్రవేత్త, అధ్యాపకురాలి ఉద్యోగాలు కొన్నే, పోటీ ఎక్కువ. కానీ జువాలజీ ఎమ్మెస్సీతో కాలేజీ లెక్చరర్, డిగ్రీతోనే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్, యూపీఎస్సీ వారి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ లాంటి దారులు పక్కనే తెరిచి ఉంటాయి. ఇంటికి వెంటనే ఆమె సంపాదన అవసరమైతే మాత్రం అమ్మాయికి దాచకుండా చెప్పండి. పిల్లలు అలాంటివి అర్థం చేసుకుంటారు.

లాంగ్ టర్మ్ విషయంలో నా మాట కచ్చితం: ఇష్టం లేకుండా చేర్పించకండి. ఏడాది, ఫీజు, టెన్షన్ మూడూ వృథా. ఈ ఏడు నీట్ మాత్రం రాయమనండి. ఆ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఐఏటీకి ఎలాగూ పనికొస్తాయి.

నిజంగా ఇష్టమో కాదో తేల్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తొలకరి పడగానే మీ వీధి చివర నీళ్లు నిలిచిన చోట బోదురుకప్పలు మొదలుపెడతాయి. ఫోన్‌లో రికార్డు చేయమనండి. తేదీ, టైము, ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఆ శబ్దం బొమ్మలా కనిపిస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టాలి. కప్పల పిలుపు వేగం వేడితో పాటు మారుతుంది, దాన్ని తనే గ్రాఫ్ గీసి చూస్తే సగం పరిశోధన పద్ధతి తెలిసినట్టే. కప్పల్ని పట్టుకోవద్దు. కంబాలకొండ అభయారణ్యం, అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఇలాంటి పనులు పెట్టుకోకూడదు. వాళ్ల నాన్నగారిని గొడుగు పట్టుకుని తోడు వెళ్లమనండి, మాటలు వాటంతటవే మొదలవుతాయి.

ఐఏటీ దరఖాస్తులు మామూలుగా మార్చి, ఏప్రిల్‌లలో వస్తాయి, పరీక్ష నీట్ అయ్యాక కొన్ని వారాలకు ఉంటుంది. ఆ వారాలు మ్యాథ్స్‌కి చాలవు. వారానికి రెండు గంటలు ట్యూషన్ ఇప్పుడే పెట్టించండి. ముందు ఫంక్షన్లు, ఆ తర్వాత ప్రాబబిలిటీ.