వియన్నాలో ఒక్క రోజుకు మూడేళ్ల ఈఎంఐలా?

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 95 వేలు వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 32 వేలు, పాప ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 48 వేలు. ఏటా బోనస్ లక్షన్నర. బ్యాంకులో 60 వేలు ఉన్నాయి. పెళ్లయి పదేళ్లు నిండుతున్నాయి. వియన్నాలో ఒక రోజంతా హడావుడి లేకుండా తిరిగి, పాత కాఫీ హౌసులో కూర్చుని కేకు తినాలని మా ఆవిడ కోరిక. ఐదు దేశాలు, తొమ్మిది రోజుల ప్యాకేజీ ఇద్దరికీ 4 లక్షలు అంటున్నారు. బ్యాంకు యాప్‌లో అంత మొత్తం పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. తీసుకోవచ్చా? అత్యవసరానికి 2 లక్షల క్రెడిట్ కార్డు ఎలాగూ ఉంది.

జవాబు: తీసుకోవద్దు. అసలు తప్పు మీ చివరి వాక్యంలో ఉంది. కార్డు లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. నాకు వచ్చే ప్రశ్నల్లో చాలామంది ఇదే మాట రాస్తారు కాబట్టి మీ ప్రశ్న తీసుకున్నాను. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలాగే అప్పు చేసి టూరుకు వెళ్లొచ్చారు. రెండో నెలలో ఉద్యోగం పోయింది. లోన్ ఈఎంఐ కట్టడానికి కార్డు మీద ఏటీఎంలో డబ్బు తీశారు. దానికి తీసిన రోజు నుంచే వడ్డీ. ఆ ముడి విప్పడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మీ లెక్క చూడండి. ఈ లోన్‌కు ఈఎంఐ దాదాపు 13,670. మూడేళ్లలో వడ్డీయే 92 వేలు. ఇప్పుడు నెలకు మిగిలే 15 వేలలో 1,300 మిగులుతుంది. పాపకు జ్వరం వస్తే చాలు, అది కూడా ఉండదు. మీ 60 వేలు ఒక నెల ఖర్చుకే చాలవు. ఉద్యోగం పోయినా ఆరు నెలలు గడవాలంటే మీకు కావలసింది 4.8 లక్షలు. ముందు అది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో ఉంచండి, ఎక్కడన్నది రెండో సంగతి.

ఇంకో చిత్రం. షెంజెన్ వీసా (ఆస్ట్రియాతో సహా ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) కావాలంటే కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించాలి, అంటే దాదాపు 30 లక్షల రూపాయలు. తొమ్మిది రోజులకు అంత కవర్ కొంటారు. మిగతా ఏడాదంతా ఇక్కడ ఎంత కవర్‌తో ఉంటున్నారో మీరు రాయనే లేదు. కంపెనీ ఇచ్చినదొక్కటే అయితే ఈ బోనస్‌లో 30 వేలు ఇంటిల్లిపాదికీ కలిపి ఆరోగ్య బీమా ఇచ్చే ఫ్యామిలీ ఫ్లోటర్‌కు తీయండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ తీసుకోండి.

ఇక మీ ఆవిడ కోరిక. ఆవిడ అడిగింది ఒక ఊరు, ఒక రోజు. మీరు కొంటున్నది ఐదు దేశాల బస్సు ప్రయాణం. అందులో వియన్నాకు పూట దక్కితే గొప్ప. నేను అక్కడ ఒక సాయంత్రం మెలాంజ్ (పాల నురగ వేసిన కాఫీ) చెప్పి కూర్చున్నాను. చిన్న వెండి పళ్లెంలో కాఫీ, పక్కన మంచినీళ్ల గ్లాసు, గ్లాసు మీద అడ్డంగా బోర్లించిన చెంచా. రెండు గంటలైనా లేవమని ఎవరూ అనలేదు. కఫే సెంట్రల్ ముందు క్యూ ఉంటుంది, పక్క వీధుల్లోవి చూసుకోండి. స్టెఫాన్స్‌డోమ్ (ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి) లోపల అడుగుపెట్టడానికి టికెట్ అక్కర్లేదు. దక్షిణ గోపురం ఎక్కాలంటే కావాలి, మెట్లు 343. రింగ్ వీధిలో ట్రామ్ ఎక్కి తిరగండి. నాష్‌మార్క్ట్‌లో తినాలనుకుంటే ఆదివారం కాకుండా వెళ్లండి, ఆ రోజు సంత ఉండదు. ఆపెరాలో (సంగీత నాటకశాల) నిలబడి చూసే టికెట్లు చౌక. ఆ రోజుకు పెద్ద ఖర్చేం కాదు.

సీజన్ కాని రోజుల్లో ఒక్క వియన్నాకే, ఐదు రాత్రులకు, ఇద్దరికీ విమానంతో సహా రెండున్నర లక్షల్లో ప్లాన్ చేసుకోండి. నెలనెలా 15 వేలు, బోనస్‌లో ఏటా 1.2 లక్షలు పక్కన పెడితే రెండున్నరేళ్లలో, ఇప్పుడున్న దానితో కలిపి, 7.5 లక్షలు. 4.8 లక్షలు ముట్టుకోకుండానే వెళ్లొస్తారు. బంగారం మీద రుణం, ఇంటి రుణం టాపప్ అంటారేమో, వడ్డీ కాస్త తగ్గుతుంది, తప్పు మాత్రం అదే.

ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, ఎన్నో తేదీలోపు రద్దు చేసుకుంటే ఎంత వెనక్కి వస్తుందో ఈరోజే రాతపూర్వకంగా అడగండి.