మగ్గం చప్పుడులో మాట మునిగిపోయింది

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ప్రాజెక్టు కోసం ఆరుగురం కలిసి ఉప్పాడలో జాందానీ చీరలు నేసే భార్యాభర్తల మీద 8 నిమిషాల వీడియో తీస్తున్నాం. ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లతో తీశాం. తీరా ఎడిటింగ్‌కి కూర్చుంటే మగ్గం చప్పుడులో వాళ్ల మాట వినపడటం లేదు. షాట్లు అతకడం లేదు. కొన్నింటిలో ట్యూబ్‌లైట్ వల్ల చారలు వచ్చాయి. తప్పు నీదంటే నీదని గ్రూపులో గొడవ. ఎడిటింగ్ నాది కాబట్టి టెన్షన్ అంతా నాకే. ఇంకా మూడు వారాల గడువుంది. మొత్తం మళ్లీ తీయాలా?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మొత్తం అక్కర్లేదమ్మా. ఒక పూట చాలు. కానీ ఆ పూటకి ముందు ఇంకో పని ఉంది. తీసిందంతా ఆరుగురూ ఒకచోట కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూడండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి క్లిప్‌కీ నంబరు, అందులో ఏముంది, మాట వినపడుతోందా లేదా, ఇవి రాయండి. ఇరవై ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నాను, ఇప్పటికీ నా పని ఈ నోట్‌బుక్‌తోనే మొదలవుతుంది. కెమెరా పట్టిన అబ్బాయి తన షాట్ ఎక్కడ ఊగిందో తన కళ్లతో చూడాలి. ఆ పాఠం నువ్వు వంద మాటల్లో చెప్పినా ఎక్కదు. తప్పుల భారమంతా ఎడిటింగ్ చేసేవాళ్ల మీద వదిలేసే గ్రూపులో మిగతా ఐదుగురూ ఏమీ నేర్చుకోరు.

ఇక మాట సంగతి. మగ్గం ఆడుతుండగా మాట్లాడించడమే పొరపాటు. ఈసారి మగ్గం ఆపమని అడిగి, ఫ్యాన్ కట్టేసి, గదిలో ఓ మూల కూర్చోబెట్టి, మైకు నోటికి జానెడు దూరంలో ఉంచి మాట రికార్డు చేయండి. మీలో ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ ఉండాలి, ఇంకో పని చేయకూడదు. మాట అయ్యాక అందరూ కదలకుండా ఉండి అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా పట్టండి. మాటల్ని కోసినచోట ఆ ఖాళీని నింపేది అదే. తర్వాత మగ్గం నడిపించి, దాని చప్పుడు దగ్గర నుంచి విడిగా తీయండి. ఎడిటింగ్‌లో తెర మీద చేతులుంటాయి, పైన మాట ఉంటుంది, కింద మగ్గం సన్నగా వినిపిస్తుంది. పనిచేసే చేతులు కనిపిస్తుంటే పెదాలు కనపడలేదని ఎవరూ అనుకోరు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చదువుకునే రోజుల్లో మా గ్రూపు వీడియోకి సౌండ్ నాది. తోలుబొమ్మలాట ఆడే ఒక పెద్దాయన పాడుతూ పాడుతూ, పోయిన భార్య గుర్తొచ్చి మధ్యలో ఆగిపోయారు. మేమందరం ఊపిరి బిగబట్టి విన్నాం. మైకు బ్యాటరీ అప్పటికే అయిపోయిందని, హెడ్‌ఫోన్స్ పెట్టుకోని నాకు తెలియలేదు. నెల తర్వాత వెళ్తే ఎంతో ప్రేమగా మళ్లీ పాడారు. పాట వచ్చింది, ఆ ఆగడం మాత్రం రాలేదు.

షాట్లు అతకకపోవడానికి కారణం నువ్వు పంపిన రెండు ఫొటోల్లోనే ఉంది. భార్యాభర్తలు మగ్గం మీద పక్కపక్కనే కూర్చున్నారు. మొదటి దాంట్లో ఆవిడ ఎడమవైపు, రెండో దాంట్లో కుడివైపు. అంటే కెమెరా మగ్గానికి అవతలి పక్కకి వెళ్లిపోయింది. నాడె, అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్, ఒక షాట్‌లో ఇటు, వెంటనే ఇంకో షాట్‌లో అటు పోతుంటే చూసేవాళ్లకి తికమక. వాళ్లిద్దరినీ కలుపుతూ మనసులో ఒక గీత ఊహించుకుంటే, కెమెరా ఆ గీతకి అవతలికి పోవడం అన్నమాట. దీన్నే సెట్‌లో ఇమాజినరీ లైన్ దాటడం అంటారు. అటువైపు షాట్ కావాలనుకుంటే మధ్యలో ఒక క్లోజప్ వేయాలి. పేక మధ్య బుటా (చీర మీది పువ్వు, డిజైన్) దారం చొప్పించే వేళ్లు, పడుగు మీద పడిన వెలుగు, ఇలాంటివి ఒక్కొక్కటి పది సెకన్లు కదలకుండా తీసి పెట్టుకోండి. నువ్వు ఇరుక్కున్న ప్రతిచోటా అవే గట్టెక్కిస్తాయి.

చారల సంగతి తేలికే. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్‌లో మాన్యువల్‌కి మారి షట్టర్ స్పీడు సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి. సెకనుకి ఫ్రేముల సంఖ్య మాత్రం మొదటి రోజు ఎంతలో తీశారో అంతలోనే ఉంచండి.

వీడియో మొదట్లో, ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని వాయిస్ ఓవర్ పెట్టామన్నావు. దాన్ని రెండో నిమిషానికి జరుపు. మొదటి నిమిషం ఆ వేళ్లకే ఇవ్వు. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు చూడకుండానే ఎలా కలిపి నేస్తున్నారో చూశాక, ఆ గుర్తింపు ఎందుకొచ్చిందో జనానికి దానంతటదే అర్థమవుతుంది.

ఈ పూట పనులు మార్చుకోండి. కెమెరా పట్టిన అబ్బాయికి హెడ్‌ఫోన్స్ ఇవ్వు, డైరెక్షన్ చేసిన అమ్మాయి నోట్‌బుక్ రాయాలి, కెమెరా నువ్వు పట్టుకో. ఏ షాట్ లేక ఇబ్బంది పడ్డావో నీకే బాగా తెలుసు.

ఇంకొక్కటి. మగ్గం ఆపితే ఆ ఇంటికి ఆ పూట కూలి ఆగినట్టే. ఎంతవుతుందో మొహమాటపడకుండా అడిగి, ఆరుగురూ తలా కొంత వేసుకుని వెళ్లేముందే ఇవ్వండి. కాలేజీలో ఇవ్వకముందే వీడియో తీసుకెళ్లి వాళ్ల గదిలోనే చూపించి, బుటాల పేర్లు, టైటిల్స్‌లో వాళ్ల పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో వాళ్లనే అడగండి.