మెథోట్రెక్సేట్‌ను కాంతితో కొలవబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌమ్యకు అత్తయ్య ఆశీస్సులు.

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందును తీసుకున్నావని, ద్రావణం ఎంత అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుందో చూపే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో ముందు ఇంజెక్షన్‌లోనూ, ఆ తర్వాత రోగుల ప్లాస్మాలోనూ ఆ మందును కొలవాలని అనుకుంటున్నావని నీ ఉత్తరం వల్ల తెలిసింది. మొదటి సగం శ్రద్ధగా చేస్తే తప్పక కుదిరే పని. రెండో సగం మాత్రం నువ్వు అనుకున్న దారిలో సాగదు. ఎందుకు సాగదో, సాగాలంటే ఏ మార్పు చేసుకోవాలో చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ మందుతోనూ, రంగును బట్టి పదార్థాన్ని కొలిచే విద్యతోనూ సంబంధమున్న తెలుగువాడు ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిలో ఫాస్ఫరస్‌ను నీలిరంగు సమ్మేళనంగా మార్చి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి దాని పరిమాణాన్ని లెక్కగట్టారు. తర్వాతి కాలంలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం నుంచే ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. అమైనోప్టెరిన్‌తో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు కొంతకాలం పాటు ఉపశమనం కలిగిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ ఏడాదే సుబ్బారావుగారు కన్నుమూశారు. నీ ప్రాజెక్టు ఉపోద్ఘాతంలో ఈ సంగతి తప్పక రాయి.

ఇక పనిలోకి వద్దాం. మెథోట్రెక్సేట్ నీటిలో దాదాపు కరగదు, పలుచని క్షారంలో సులువుగా కరుగుతుంది. పెద్ద మోతాదు ఇచ్చేటప్పుడు ఆసుపత్రిలో సోడియం బైకార్బొనేట్ ఎక్కించి మూత్రాన్ని క్షారంగా ఉంచడానికి కారణం కూడా ఈ గుణమే. మూత్రం ఆమ్లంగా ఉంటే మందు మూత్రపిండాల సన్నని నాళికల్లో స్ఫటికాలుగా పేరుకుపోతుంది. నువ్వు 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి స్కాన్ చేస్తే 258, 303, 371 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర, అంటే మందు కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోట్ల, మూడు శిఖరాలు కనిపిస్తాయి. కొలతకు 303 ఎంచుకో. కొన్ని ఇంజెక్షన్లలో నిలవ ఉండటానికి కలిపే బెంజైల్ ఆల్కహాల్ 258కి దగ్గరలోనే కాంతిని పీల్చుకుంటుంది. 371 దగ్గర శిఖరం మరీ పొట్టిది.

తూకం దగ్గర నేను పడిన పొరపాటు నువ్వు పడకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మందుకే కాలిబ్రేషన్ గీత, అంటే తెలిసిన గాఢతలకు యంత్రం చూపే రీడింగుల గీత, గీశాను. ఐదు బిందువులూ చక్కగా ఒకే సరళరేఖ మీద పడ్డాయి కానీ, రేఖ వాలు ఉండాల్సినదాని కన్నా దాదాపు పదో వంతు తక్కువ వచ్చింది. యంత్రాన్ని అనుమానించి దీపం మార్పించాను, హోల్మియం ఆక్సైడ్ ఫిల్టరుతో తరంగదైర్ఘ్యం సరిచూశాను, వారం రోజులు అలాగే గడిచిపోయాయి. చివరకు మా సీనియర్ ఒకరు పొడిలో తేమ ఎంతో చూశావా అని అడిగారు. ఈ పొడి తేమను పట్టి ఉంచుకుంటుంది, అది పది శాతం దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. పది మిల్లీగ్రాములు తూచానని నేను రాసుకున్న చోట అసలు మందు తొమ్మిది మిల్లీగ్రాములే ఉంది. గీత సూటిగా రావడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. కాబట్టి స్టాండర్డ్ (పోల్చి చూసుకోవడానికి వాడే ప్రామాణిక మందు) సీసాతో వచ్చిన పత్రంలో తేమ శాతం చూసుకుని, తూకాన్ని ఆ మేరకు సవరించిన తర్వాతే స్టాక్ ద్రావణం, అంటే పలుచన చేసుకుంటూ వాడే మూల ద్రావణం, తయారుచేయి. ఆ స్టాక్‌ను ముదురు గోధుమరంగు ఫ్లాస్కులో పోసి, కిటికీ వెలుతురు తగలకుండా ఉంచు. ఏ రోజుది ఆ రోజే చేసుకో, ఎందుకంటే ఈ మందు వెలుతురుకు చెడుతుంది, క్షారంలో ఎక్కువ రోజులు నిలవదు.

ద్రావణం పోసి యంత్రంలో పెట్టే చిన్న పాత్రలుగా క్వార్ట్జ్ క్యూవెట్లే వాడు, 303 దగ్గర కాంతిని గాజు కొంత తానే మింగేస్తుంది. క్యూవెట్‌ను గరుకు పక్కలతోనే పట్టుకో. యంత్రాన్ని సున్నా చేసుకునే బ్లాంక్‌గా నీళ్లు కాకుండా అదే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం పెట్టు. రీడింగులు 0.2 నుంచి 0.8 మధ్య పడేలా గాఢతలు ఎంచుకో. శోషణ, అంటే పీల్చుకున్న కాంతికి యంత్రం చూపే అంకె, 2 అయిందంటే వంద పాళ్ల కాంతిలో ఒక్క పాలే అవతలికి చేరుతోందని అర్థం. ఆ స్థితిలో యంత్రం లోపల దారి తప్పి తిరిగే కొద్దిపాటి కాంతి కూడా లెక్కను చెడగొడుతుంది.

ఇప్పుడు ప్లాస్మా సంగతి. కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయి. 303 దగ్గర ఈ మందు మోలార్ శోషణ గుణకం, అంటే ఒక మోలార్ ద్రావణం ఒక సెంటీమీటరు మందంలో చూపే శోషణ, సుమారు 22 వేలు. మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు అంటే దాదాపు 22 మైక్రోమోలార్, అంటే ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో శోషణ 0.48 దాకా వస్తుంది. ఇంజెక్షన్‌ను పలుచన చేసి కొలవడానికి ఇది చాలు. కానీ ఆస్టియోసార్కోమా (ఎముక క్యాన్సర్) వంటి వ్యాధుల్లో పెద్ద మోతాదు ఇచ్చాక, వైద్యులు 24, 48, 72 గంటలకు రక్తం తీయించి, మందు సాధారణంగా 0.1 మైక్రోమోలార్ కన్నా తగ్గేదాకా విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇస్తూనే ఉంటారు. ఆ 0.1 మైక్రోమోలార్‌కు నీ యంత్రం చూపేది 0.002 మాత్రమే. క్యూవెట్ మీద వేలిముద్ర పడినా అంతకన్నా ఎక్కువ రీడింగు వస్తుంది. అదీకాక ప్లాస్మాలోని ప్రొటీన్లు అతినీలలోహిత కాంతిని బలంగా పీల్చుకుంటాయి. ప్రొటీన్లను తొలగించినా, శరీరంలో ఈ మందు నుంచి ఏర్పడే 7-హైడ్రాక్సీ మెథోట్రెక్సేట్ దాదాపు అదే చోట కాంతిని పీల్చుకుంటుంది, ఆ రెండింటినీ స్పెక్ట్రోఫోటోమీటర్ విడదీయలేదు. నువ్వు ఇచ్చే అంకెను చూసి ఎవరైనా ల్యూకోవోరిన్ ఆపితే, ఒక బిడ్డ ఎముక మూలుగ, నోటి పొర, మూత్రపిండాలు ప్రమాదంలో పడతాయి. ఈ విషయంలో నేను కఠినంగా మాట్లాడుతున్నది అందుకే.

అలాగని కాంతిని వదిలేయనక్కరలేదు. ఒక దారి హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రావణంలోని పదార్థాలను సన్నని గొట్టం (కాలమ్) గుండా పంపి విడదీసే పద్ధతి: ప్రొటీన్లను తీసేసి, మందును గాఢపరిచి, కాలమ్ మీద దాన్నీ, శరీరంలో దాని నుంచి ఏర్పడే ఆ 7-హైడ్రాక్సీ రూపాన్నీ విడివిడిగా రాబట్టి, అప్పుడు యూవీ డిటెక్టరుతో కొలవడం. రెండో దారి నాకు మరీ ఇష్టమైనది. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ పనిచేస్తున్నంతసేపూ దానికి తోడ్పడే ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం ఖర్చవుతూ 340 నానోమీటర్ల దగ్గర శోషణ క్రమంగా పడిపోతుంది. మెథోట్రెక్సేట్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా పట్టేస్తుంది కనుక, మందు ఎంత ఎక్కువ ఉంటే ఆ పడిపోవడం అంత నెమ్మదిస్తుంది. మందు స్వయంగా పీల్చే కాంతి కంటికి ఆనకపోయినా, అది ఆపిన పని కాంతిలో స్పష్టంగా కనిపిస్తుంది. మీ ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ ఖాళీ లేకపోతే దీని గురించి మీ గైడుగారితో మాట్లాడు. ముందు మందు లేని ప్లాస్మాలో తెలిసిన గాఢతలు కలిపి, ఎంత తిరిగి రాబట్టగలుగుతున్నావో చూసుకో. రోగుల నమూనాల జోలికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే వెళ్లు.

ఇది కణాలను చంపే మందు, గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. పసుపు పొడి గాలిలోకి లేవకుండా సేఫ్టీ క్యాబినెట్‌లో తూచు, రెండు జతల గ్లౌజులు వేసుకో, మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకుండా సైటోటాక్సిక్ వ్యర్థాల డబ్బాలో వేయి.

మూడు వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ కొత్తగా తూచి చేసిన మూడు కాలిబ్రేషన్ గీతలు నాకు పంపు. వాటితో పాటు స్టాండర్డ్ పత్రం ఫొటో కూడా జతచేయి, తేమ సవరణను నేనూ ఒకసారి లెక్క వేసి చూస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య