బ్లీచింగ్ ఘాటుకు ఆసుపత్రి పాలయ్యాను. తప్పు నాదేనంటున్నారు, పరిహారం రాదా?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో కాంట్రాక్టర్ కింద గదులు శుభ్రం చేసే పని చేస్తున్నాను. బ్లీచింగ్ ద్రావణం, యాసిడ్ రెండూ లేబుల్ లేని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇస్తారు. గత నెల బాత్‌రూములో ఒకదాని మీద ఇంకొకటి పోయగానే ఘాటైన పొగ లేచి, ఊపిరాడక పడిపోయాను. నాలుగు రోజులు రుయా ఆసుపత్రిలో, మరో పది రోజులు ఇంట్లో ఉన్నాను. ఆ రోజులకు జీతం ఇవ్వలేదు. కలపడం నా తప్పేనని, ఏమీ అడగనని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. గ్లౌజుల డబ్బు కూడా జీతంలో పట్టుకుంటున్నారు. నాకు ఏమైనా హక్కు ఉందా?

జవాబు: తప్పకుండా ఉంది. మీరు పెట్టిన సంతకం వల్ల అది పోదు, ఎందుకంటే పరిహారాన్ని వదులుకుంటున్నట్లు కార్మికుల చేత రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. పని మూలంగా, పనిలో ఉండగా కలిగిన హానికి యజమానిదే బాధ్యత అన్న సూత్రం 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం నుంచి వస్తున్నదే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అది కొనసాగింది. విషవాయువు పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతినడం కూడా ఆ హాని కిందికే వస్తుంది.

తప్పు మీదేనన్న వాదన గురించి కొంత వివరంగా చెప్పాలి. స్పష్టంగా ఇచ్చిన భద్రతా ఆదేశాన్ని కావాలని ధిక్కరించినప్పుడు, లేదా మద్యం మత్తు వల్ల ప్రమాదం జరిగినప్పుడు యజమాని బాధ్యత నుంచి తప్పించుకోవచ్చు గాని, తెలియక చేసిన పొరపాటును ఆ కోవలో చేర్చడానికి వీల్లేదు. బ్లీచింగ్ ద్రావణంలోని సోడియం హైపోక్లోరైట్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికన్నా బరువైనది కాబట్టి, గాలి ఆడని బాత్‌రూములో వంగి నేల రుద్దుతున్న మనిషి ముఖం దగ్గరే పేరుకుంటుంది. ఈ రెండింటినీ కలపకూడదని మీకు ఎవరూ చెప్పకపోతే, మీరు ధిక్కరించిన ఆదేశం ఏదో వారే చూపించాలి. పెద్ద డబ్బాలోంచి కూల్‌డ్రింక్ సీసాలోకి వంపినప్పుడు తయారీదారు ముద్రించిన హెచ్చరిక డబ్బా మీదే ఉండిపోతుంది. కనుక ఆ సీసాలే మీకు బలమైన సాక్ష్యం. అవి మాయం కాకముందే ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత మీ జీతపు చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) కోత ఉందేమో చూడండి. సంస్థలో పది మందికి తగ్గకుండా పనిచేస్తూ, మీ జీతం నెలకు 21,000 రూపాయలు దాటకపోతే మీరు సాధారణంగా ఈఎస్ఐ పరిధిలో ఉంటారు. అప్పుడు పనికి వెళ్లలేని రోజులకు సగటు దినవేతనంలో 90 శాతం ఈఎస్ఐ నుంచే వస్తుంది, యజమానిని వేరే పరిహారం అడగడానికి ఉండదు. మీ పేరు నమోదు చేయించకపోవడం యజమాని లోపమే తప్ప మీ హక్కుకు అడ్డు కాదు. ఈఎస్ఐ వర్తించకపోతే పరిహారంతో పాటు వైద్యానికి నిజంగా అయిన ఖర్చు కూడా అడగవచ్చు. గదుల శుభ్రత లాడ్జి వ్యాపారంలో భాగం గనుక, కాంట్రాక్టర్‌నే కాక లాడ్జి యజమానిని కూడా బాధ్యుణ్ణి చేయవచ్చు. చెల్లింపు నెల దాటి ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా పడే అవకాశం ఉంది.

గ్లౌజులు, మాస్కుల డబ్బు పట్టుకోవడం తప్పు. కార్మికుల భద్రత కోసం ఇచ్చే వాటికి వారి నుంచి రుసుము తీసుకోరాదని వృత్తి భద్రతా కోడ్ చెబుతోంది.

ఆసుపత్రి కాగితాల్లో కేవలం ఆయాసం అని రాసి ఉంటే, పనిచేసే చోట రసాయన వాయువు పీల్చడమే కారణమన్న మాట చేర్చమని వైద్యుణ్ణి కోరండి. ఇటువంటి కేసులు బలహీనపడేది ఎక్కువగా అక్కడే. జరిగినదంతా రాసి కాంట్రాక్టర్‌కు, లాడ్జికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, ఆపై తిరుపతిలోని కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించండి. ఎట్టి పరిస్థితిలోనూ రెండేళ్లు దాటనివ్వకండి. మీరు మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది కాబట్టి, కోర్టులోని న్యాయ సేవా కమిటీకి ఒక దరఖాస్తు ఇస్తే న్యాయవాదిని వారే కేటాయిస్తారు. దగ్గు గానీ మెట్లెక్కితే ఆయాసం గానీ ఇంకా ఉంటే, ఏ రాజీకైనా ఒప్పుకునే ముందు ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించి నివేదిక తీసుకోండి. శాశ్వత నష్టానికి పరిహారం లెక్కగట్టేది దాని ఆధారంగానే.