ఫార్మసిస్టు గమనించినది డాక్టరుకు చేరాలంటే

ఆరోగ్య శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. రక్తపోటుకు ఒక డాక్టరు, మోకాళ్ల నొప్పులకు మరొకరు, థైరాయిడ్‌కు ఇంకొకరు మందులు రాస్తున్నారు. ఫార్మసిస్టులను ప్రాథమిక ఆరోగ్య సేవల్లో భాగం చేయాలన్న మాట ఈమధ్య తరచుగా చదువుతున్నాను. ఇకమీదట వైద్యం కూడా మందుల దుకాణంలోనే జరుగుతుందని దీని అర్థమా? వైద్యవిద్య చదవని వారి మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం: మీకు మందులు రాసే ముగ్గురిలో ఎవరూ మిగతా ఇద్దరి చీటీలు చూడకపోవచ్చు. ఆ మూడు చీటీలనూ ఒకే చేత్తో పట్టుకుని చదివే అవకాశం చాలాసార్లు ఫార్మసిస్టుకే దక్కుతుంది. రామిప్రిల్ వంటి రక్తపోటు మాత్ర, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మరో మాత్ర వాడుతున్న వ్యక్తికి మోకాళ్ల కోసం ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ రాశారనుకుందాం. విడివిడిగా చూస్తే ఏ డాక్టరూ తప్పు చేయలేదు. అయినా ఆ మూడూ కలిసినప్పుడు, ముఖ్యంగా వయసు మీదపడిన వారిలోనూ, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన సమయంలోనూ, మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. థైరాక్సిన్ మాత్రనూ కాల్షియం మాత్రనూ ఒకేసారి వేసుకుంటే థైరాక్సిన్ సరిగా ఒంటపట్టదు. రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ సంగతి ఎవరూ అడగకపోతే, రక్తపరీక్షలో తేడా చూసిన డాక్టరు మోతాదు పెంచుతారే తప్ప అసలు కారణం బయటపడదు. (ఇది చదివి దయచేసి ఏ మాత్రా మీ అంతట మీరు ఆపవద్దు. మూడు చీటీలూ ఒకచోట చేర్చి ఫార్మసిస్టుకూ, మీరు తరచుగా వెళ్లే డాక్టరుకూ చూపించండి.)

ఇక వైద్యం దుకాణంలోనే చేస్తారా అన్న మాటకు వస్తే, ఫార్మసిస్టును చిన్న డాక్టరుగా మార్చడం ఈ ఆలోచన ఉద్దేశం కాదు. ప్రాథమిక ఆరోగ్య సేవలపై 1978లో జరిగిన అంతర్జాతీయ సదస్సు వెలువరించిన ఆల్మా ఆటా ప్రకటన అత్యావశ్యక మందుల సరఫరాను ప్రాథమిక ఆరోగ్య సేవల్లో ఒక అంగంగా పేర్కొంది. అందించిన మందు సరైన పని చేస్తోందో లేదో చూడటం కూడా ఆ అంగంలోనిదే అన్నది దాని తరువాతి మెట్టు. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి గొంతునొప్పి, చెవిపోటు, సైనసైటిస్, స్త్రీలలో వచ్చే సాధారణ మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వంటి ఏడు సమస్యలకు, నిర్దిష్ట వయఃపరిమితులకూ రాతపూర్వక నియమావళికీ లోబడి, అవసరమైతే ఫార్మసిస్టే మందు ఇవ్వవచ్చు. ఆ గీత దాటిన లక్షణం కనిపిస్తే రోగిని డాక్టరు దగ్గరికి పంపాలి. నమ్మకం విషయంలో నేను చూసే గుర్తు కూడా ఇదే: ‘ఇది నా పరిధిలోనిది కాదు, మీరు డాక్టరును కలవాలి’ అని సంకోచం లేకుండా చెప్పగల ఫార్మసిస్టు మాటకు విలువ ఇవ్వండి.

ప్రశ్న: నేను పదకొండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఒకావిడ నెలలో మూడోసారి పొడిదగ్గు మందు అడిగారు. ఆమె రక్తపోటుకు ఎనలాప్రిల్ వాడుతున్నారని తెలిసి, దగ్గు దానివల్ల కావచ్చునని చెప్పాను. ఆమె ఆ రోజే మాత్ర మానేశారు. పది రోజుల తరువాత డాక్టరు ఫోన్ చేసి, ‘నా రోగులకు మీరు సలహాలు ఇవ్వవద్దు’ అన్నారు. నేను చెప్పడం తప్పా?

సమాధానం: మీరు గమనించినది సరైనదే, చెప్పవలసిందే. ఎనలాప్రిల్ వర్గానికి చెందిన మాత్రలు కొందరిలో వదలని పొడిదగ్గు తెప్పిస్తాయి. కారణం తెలియక దగ్గుకు మరో మందు, ఆ మందుతో వచ్చే మగతకు ఇంకో మందు చేరుతూ పోవడం మనం చూస్తూనే ఉన్నాం. డాక్టరు దగ్గర దీనికి పరిష్కారం ఉంది, అంతగా దగ్గు తెప్పించని వేరే వర్గం మాత్రకు మార్చవచ్చు. అయితే డాక్టరు కోపంలో కూడా కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆయనకు చేరవలసిన మాట రోగి ద్వారా, అదీ మాత్ర మానేసిన తరువాత చేరింది. ‘ఈ మాత్ర వల్ల దగ్గు రావచ్చు’ అని మీరు అంటే, ‘ఈ మాత్ర మంచిది కాదు’ అని ఆమెకు వినిపించింది. ఇందులో లోపం మీలో కంటే దారి లేకపోవడంలో ఎక్కువగా ఉంది. మీరు చూసినదాన్ని డాక్టరు చదివే చోట రాసే ఏర్పాటు లేదు.

ప్రాథమిక ఆరోగ్య సేవల్లో ఫార్మసిస్టును కలపడమంటే నా దృష్టిలో మొట్టమొదట ఆ దారి వేయడం. కొత్త అధికారాల గురించి ఎంతో చర్చ జరుగుతుంది గానీ, రోగి పూర్తి వివరాలు చూడలేని, చూసినదాన్ని ఎవరికీ తెలియజేయలేని ఫార్మసిస్టుకు ఎన్ని అధికారాలు ఇచ్చినా అవి గుడ్డిగా వాడవలసినవే. 2018లో ప్రచురితమైన లాస్ ఏంజెలిస్ అధ్యయనం ఈ సంగతిని బాగా చూపిస్తుంది. అక్కడ అధిక రక్తపోటు ఉన్న 319 మంది నల్లజాతి పురుషులను క్షౌరశాలల ద్వారా ఎంచుకున్నారు. ఒక వర్గానికి ఫార్మసిస్టులే క్షౌరశాలకు వచ్చి మందులు రాశారు. ఆరు నెలల్లో వారి రక్తపోటులో పైసంఖ్య సగటున 27 పాయింట్లు తగ్గగా, జీవనశైలి మార్చుకొమ్మనీ డాక్టరును కలవమనీ క్షురకుల చేత చెప్పించిన రెండో వర్గంలో 9 పాయింట్లే తగ్గింది. క్షౌరశాల అన్న విశేషం అందరికీ గుర్తుండిపోయింది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, ఆ ఫార్మసిస్టులు రోగుల డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న ఒప్పందానికి లోబడి మందులు రాశారన్న విషయం.

అటువంటి ఏర్పాటు వచ్చేవరకు మీరు చేయగలిగినది ఒకటుంది. ఏం గమనించారు, ఏమని అనుమానిస్తున్నారు, రోగికి ఏం చెప్పారు, డాక్టరు నుంచి ఏం కోరుతున్నారు అన్న నాలుగు మాటలను ఒక కాగితం మీద రాసి, రోగి అనుమతితో, అదే రోజు పంపండి. ‘డాక్టరు చెప్పేదాకా మాత్ర ఆపవద్దు’ అన్న వాక్యాన్ని రోగి చేత తిరిగి చెప్పించుకోండి. ఆ డాక్టరును ఒకసారి తీరిక వేళ స్వయంగా కలిసి, ఎటువంటి విషయాలకు ఫోన్ చేయాలి, ఎటువంటివి రాసి పంపితే చాలు అని అడగండి. మీ దగ్గర ఉండే వివరం డాక్టరుకు నిజంగా అవసరమైనది. ఉబ్బసం ఉన్న మనిషి ఏడాదిలో, ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి పీల్చే సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు మూడో, అంతకంటే ఎక్కువో కొన్నాడంటే, జబ్బు అదుపులో లేకపోవచ్చుననీ, తీవ్రమైన ఆయాసం వచ్చే ప్రమాదం పెరిగిందనీ అర్థం. ఆ లెక్క ముందుగా కనిపించేది మీ పుస్తకంలోనే.

ప్రశ్న: మందులు అమ్మితేనే ఆదాయం వచ్చే వ్యక్తిని సలహాదారుగా కూర్చోబెడితే, ఆ సలహా చివరికి మరో సీసా కొనమనే చెప్పదా?

సమాధానం: మీ అనుమానం న్యాయమైనది, చాలా పాతది కూడా. వైద్యులకూ మందులు తయారుచేసేవారికీ మధ్య వ్యాపార భాగస్వామ్యం ఉండరాదని 13వ శతాబ్దంలోనే సిసిలీ రాజ్యాన్ని ఏలిన చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ శాసనాలు నిర్దేశించాయి. ఇప్పుడు అదే గోడను ఒకే మనిషి చేసే రెండు పనుల మధ్య కట్టవలసి వస్తోంది. ఉపదేశంతో అది జరగదు, చెల్లింపు పద్ధతి మారాలి. స్కాట్లండ్‌లో 2006లో చిన్న జబ్బుల సేవ మొదలుపెట్టినప్పుడు, నమోదైన రోగుల సంఖ్యను బట్టి ఫార్మసీకి సొమ్ము చెల్లించారు. అందువల్ల మందు ఇవ్వకుండా సలహా మాత్రమే చెప్పి పంపినా నష్టం ఉండేది కాదు.

అయితే రుసుము పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి 2021 వరకు సాగిన మందుల వాడకం సమీక్షలో ఒక్కో సమీక్షకు ఇంత అని, చాలాకాలం పాటు ఏడాదికి ఒక ఫార్మసీకి 400 సమీక్షలు మించకుండా చెల్లించేవారు. ఆ పరిమితే కొన్నిచోట్ల లక్ష్యంగా మారి, సమీక్ష అవసరమైనవారిని వదిలి సులువుగా దొరికినవారితో సంఖ్య నింపుతున్నారన్న విమర్శ వచ్చింది. అక్కడే 2011లో మొదలైన మరో సేవ మేలనిపిస్తుంది. దీర్ఘకాలిక జబ్బుకు కొత్త మందు మొదలుపెట్టిన వారితో ఫార్మసిస్టు తొలి వారాల్లోనే మాట్లాడి, ఇబ్బందులేమిటో తెలుసుకుంటారు. దానిపై జరిగిన పరిశోధనలో, పది వారాల నాటికి మందు సక్రమంగా వాడుతున్నవారు మామూలు పద్ధతిలో సుమారు 61 శాతం ఉండగా, ఈ సేవ పొందినవారిలో సుమారు 71 శాతం ఉన్నారు. ఎవరితో, ఎప్పుడు, దేనికోసం మాట్లాడాలో ముందే నిర్ణయించడం అమ్మకపు ఒత్తిడిని కొంతైనా తగ్గిస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: పదిమంది నిలబడి ఉన్నచోట నా జబ్బు గురించి అడిగితే ఎలా చెప్పగలను?

సమాధానం: చెప్పనక్కరలేదు. ‘కాస్త పక్కకు వచ్చి మాట్లాడవచ్చా’ అని అడగడం మీ హక్కు. ఇటువంటి సేవలకు తలుపు వేసుకుని మాట్లాడుకునే గది ఉండి తీరాలి, మీ వివరాలు డాక్టరుకు పంపే ముందు మీ అనుమతి తీసుకోవాలి. గది లేనిచోట, రద్దీ తక్కువగా ఉండే వేళ అడిగి తెలుసుకుని, వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని అప్పుడు వెళ్లండి.